ఇంటి శబ్దం

మొన్న మా ఇంటికి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి కెమెరాలు పట్టుకుని వచ్చారు. మిరప పొలాల మధ్య పుట్టి పుస్తకాలు రాసిన ఆడవాళ్ళ మీద డాక్యుమెంటరీ తీస్తున్నారట. గుంటూరులో నేనుండే ఈ చిన్న ఇంట్లో వాళ్ళకి నచ్చిన గోడ ఒక్కటీ లేదు. సోఫా జరిపారు, ఫ్రిజ్ ఆపారు, కిటికీకి నల్లగుడ్డ కట్టారు, పుస్తకాల బీరువాని నా వెనక్కి తెచ్చి అది మసగ్గా కనిపించేలా చూసుకున్నారు. అన్నీ ఓర్చుకున్నాను. మా అమ్మ గురించి తప్ప అడిగినవాటన్నిటికీ జవాబులు చెప్పాను. అంతా అయ్యాక ఆ అమ్మాయి, "మేడమ్, ఇంక ఒక్క నిమిషం ఎవరం మాట్లాడకుండా కూర్చుందాం. రూమ్ టోన్ తీసుకుంటాం" అంది. నేను జాకెట్టుకి పెట్టిన మైకు పీకి బల్ల మీద పెట్టి, లేచి వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. "ఒక్క నిమిషమే కదా మేడమ్" అని ఆ అబ్బాయి తలుపవతల నుంచి బతిమాలాడు. "ఆ నిమిషం సంగతి నాకు బాగా తెలుసు నాయనా, మీరు బయల్దేరండి" అన్నాను.

రూమ్ టోన్ అంటే ఏమిటో నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. ఎవరూ మాట్లాడనప్పుడు కూడా ప్రతి గదికీ ఒక శబ్దం ఉంటుంది. మనిషి మాటల్ని కత్తిరించి అతికించేటప్పుడు అతుకుల దగ్గర బోసిగా లేకుండా కింద ఆ శబ్దాన్ని పరుస్తారు. అందుకే మాట్లాడడం అయ్యాక అందరినీ కదలకుండా కూర్చోబెట్టి దాన్ని పట్టుకుంటారు. మర్యాదైన పనే. కావలసింది శబ్దం ఒక్కటే కాబట్టి అప్పుడు కెమెరా ఆపేయవచ్చు. ఆపకపోతే ఏమవుతుందో చూసినదాన్ని నేను.

మాది పర్చూరు దాటాక నల్లరేగడి పొలాల్లో ఉన్న ఊరు. ఊళ్ళో ఫోను కావాలంటే ఎస్టీడీ బూతుకే పోవలసిన రోజులు, నేను ఇంటరు చదువుతున్న రోజులు. పత్తి తీత మొదలైతే మా ముందుగది మాది కాదు. గోతాల్లో కట్టి పెట్టేదాకా పత్తి అంతా అక్కడే పోసేవాళ్ళు. పోగు గోడ మధ్య దాకా లేచేది. ఆ గదిలోకి అడుగు పెడితే మాట మెత్తబడిపోయేది. గట్టిగా పిలిచినా పక్క గదిలోకి వినపడేది కాదు. ఎండలో కాగిన పత్తిగింజ వాసన, దాని మీద నిలిచిపోయిన పురుగుమందు వాసన, పెరట్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు మూడూ కలిసి మా బట్టల్లోనూ అన్నంలోనూ ఉండేవి. మేం దాన్ని వాసన అనుకునేవాళ్ళం కాదు. కాలేజీలో చీరాల పిల్లలు నా పక్కన కూర్చుని ముక్కు మూసుకుంటే తెలిసింది. వాళ్ళ పేర్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఆ గది మీద పెత్తనం మా నాయనమ్మది. పత్తి దగ్గర దీపం పెట్టకూడదు, తడి కాళ్ళతో రాకూడదు, చుట్ట ముట్టించినవాడు వీధి గుమ్మం దాటకూడదు. పళ్ళు లేని మనిషి కాబట్టి, పొద్దున కాఫీ అయిన దగ్గర్నుంచి గడప పక్కన కూర్చుని చిన్న ఇనపరోట్లో వక్కా ఆకూ దంచుకుంటూ ఉండేది. ఆ టక్కు టక్కు ఆగిందంటే నాయనమ్మ నిద్రపోయిందనో, ఎవరి మీదో కోపం వచ్చిందనో మాకు తెలిసేది. మా అమ్మ రత్తమ్మకి చేతిలో పని లేకుండా మాట్లాడడం రాదు. తాలుకాయలు ఏరుతూనో, ఏడాది కారానికి మిరపకాయల తొడిమలు తీస్తూనో మాట్లాడేది. తొడిమ తుంచిన చప్పుడు, ఒక మాట, మళ్ళీ తొడిమ. అత్తాకోడళ్ళు ఎడమొహం పెడమొహంగా ఉన్న రోజుల్లో కూడా ఒకరి చప్పుడుకి ఒకరు ఆనుకునే ఉండేవాళ్ళు.

ఆ ఏడాది పచ్చపురుగు దేనికీ చావలేదు. ఏ మందు కొట్టినా కాయలో తల పెట్టుకుని హాయిగా ఉండేది. కొట్టువాడు చెప్పాడని మా నాన్న మందులు ఒకదానిలో ఒకటి కలిపి కొట్టడం మొదలుపెట్టాడు. వీపున కట్టుకునే పంపుకి మూత దగ్గర వాషరు అరిగిపోయింది. టౌనుకి వెళ్ళినప్పుడు మార్పిద్దామని ఒక గుడ్డపీలిక చుట్టి కానిచ్చాడు. ఒకరోజు పొద్దెక్కాక ఇంటికి తిరిగొచ్చేసరికి చొక్కా వీపంతా తడిసి అంటుకుపోయి ఉంది. "కళ్ళు మసకలుగా ఉన్నాయే" అంటూ చొక్కా విప్పి పడేసి, తొట్టి దగ్గర నాలుగు చెంబులు పోసుకున్నాడు. ఆ తర్వాత అరుగు మీద కూలబడ్డాడు. నోట్లోంచి నురగ వచ్చింది. ట్రాక్టరు మీద ఆసుపత్రికి తీసుకుపోయేలోపే అయిపోయింది.

చుట్టుపక్కల ఊళ్ళలో అప్పటికే పురుగుమందు తాగి చనిపోయినవాళ్ళున్నారు. నురగ ఒకటే, వాసన ఒకటే. దినవారాలు కూడా కాకముందే సుబ్బారావు బాబాయి, మా నాన్న తమ్ముడు, అమ్మని పక్కకి పిలిచాడు. "వదినా, తాగాడని రాయిద్దాం. గవర్నమెంటు ఏదో సాయం ఇస్తందంట. పిల్లదాని చదువుకన్నా అక్కరకొస్తది."

"తాగని మనిషిని తాగాడని ఎట్టా చెప్పేది?" అంది అమ్మ.

"చచ్చినోడికి తెలిసిద్దా?"

"నాకు తెలిసిద్దిగా."

గడప పక్కన నాయనమ్మ దంచడం ఆపింది. "నా కొడుకు పిరికోడు కాదురా సుబ్బారావూ. ఇంకోసారి ఆ మాటన్నావంటే గుమ్మం ఎక్కమాక" అంది. ఆ రోజు ఆ ఇద్దరాడవాళ్ళు ఒకే మాట మీద నిలబడ్డారు. ఊరు మాత్రం గుసగుసలాడుతూనే ఉంది. అమ్మ ఆ చొక్కాని ఉతకలేదు. వీపున తెల్లగా అట్టగట్టిన మరకతో అలాగే గొడ్లచావిడిలో కొయ్యకి తగిలించింది. ఎవరన్నా నోరు జారితే చావిడిలోకి తీసుకెళ్ళి చూపించేది. తాగితే వీపెందుకు తడుస్తుందని అడిగేది. ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి ఆమె గొంతు అరిగిపోతున్న రోజుల్లో హైదరాబాదు నుంచి సినిమావాళ్ళు వచ్చారు.

దర్శకుడి పేరు రాయను. రాస్తే అదీ అతనికి ప్రచారమే. గడ్డం, ఖాదీ చొక్కా, ఎదుటివాళ్ళ బాధ వినేటప్పుడు తల ఒక పక్కకి వాల్చే అలవాటు. పత్తి రైతుల చావుల మీద డాక్యుమెంటరీ అన్నాడు. "మీరు చెప్పింది చెప్పినట్టే వస్తుందమ్మా. దేశమంతా చూస్తుంది" అన్నాడు. అమ్మ ఒప్పుకున్నది ఆ ఒక్క మాటకే. ఊళ్ళో గడప గడపకీ చెప్పలేక చస్తున్న సంగతిని ఒక్కసారి అందరి ముందూ చెప్పేసి ఊపిరి పీల్చుకోవచ్చనుకుంది. తలంటుకుంది. ముదురు నీలం చీర కట్టుకుంది. మొహానికి కాస్త పౌడరు రాసుకుంది. అతను చూసి, "పౌడరు తుడిచేయండమ్మా. ఇంకా పాత చీర లేదా?" అన్నాడు.

వాళ్ళకి మా ఇల్లు చాలినంత బీదగా లేదు. టీవీ మీద దుప్పటి కప్పారు. ప్లాస్టిక్ కుర్చీలు పెరట్లో పడేశారు. నులకమంచం అడిగారు. మా ఇంట్లో ఉన్నవి నవారు మంచాలు. ఊరి చివర ఎవరింట్లోనో తెగిపోయిన నులకమంచం ఒకటి దొరికితే మోయించుకొచ్చారు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్న సౌండు మనిషి ఏ గది ఎంత మోగుతుందో చూడ్డానికి ఇల్లంతా చప్పట్లు కొట్టుకుంటూ తిరిగి, పత్తి గదిలో ఆగిపోయాడు. "సార్, ఇక్కడ సౌండు అద్భుతం. స్టూడియోలో కూడా రాదు" అన్నాడు. దర్శకుడికీ ఆ గది నచ్చింది. వెనక తెల్లటి పత్తికొండ, ముందు మా అమ్మ.

లైట్లు తేబోతే నాయనమ్మ గడపకి అడ్డంగా కూర్చుంది. "పత్తి కాడ ప్రమిదే పెట్టం. ఆ నిప్పుకుండలెందుకయ్యా? ముందు నన్ను తగలెయ్యి, ఆనక లోపలికి పో." చివరికి లైట్లు మానేసి, పెరట్లో ఎండకి థర్మకోల్ అట్ట పట్టి, ఆ వెలుగుని తలుపులోంచి అమ్మ మొహం మీదికి మళ్ళించారు. అట్ట పట్టుకుంది నేనే. "ఏయ్ పాపా, కదలకు, వెలుగు పోతోంది" అని అతను అరిచినప్పుడు ఎండలో నా చేతులు లాగేస్తున్నాయి. మా అమ్మ మొహం సగం వెలుగులో సగం నీడలో ఎంత బాగుందో ఆ తలుపులోంచి చూశాను. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. అంత బాగా ఆమెని ఎవరూ ఎప్పుడూ చూపించలేదు.

అమ్మ అలవాటుగా మిరపకాయల చాట ఒళ్ళో పెట్టుకుంది. తొడిమల చప్పుడు మైకులో పడుతోందని సౌండు మనిషి తీసేయించాడు. ఇక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు. "కెమెరా వైపు కాదమ్మా, నా వైపు చూడండి." "బాగా చెప్పారు, మళ్ళీ ఒకసారి, కాస్త నెమ్మదిగా." "మొదట్నుంచి చెప్పండి." అమ్మ మొదట్నుంచే చెప్పింది, ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు చెప్పింది. వాషరు అరగడం, గుడ్డపీలిక చుట్టడం, గాలి ఎదురు తిరగడం, తడిసిన వీపు, తొట్టి దగ్గర నీళ్ళు పోసుకోవడం. "ఆయన తాగలేదండి" అని ప్రతిసారీ చివర్లో చెప్పింది. అతను తల ఒక పక్కకి వాల్చి విన్నాడు. చావిడిలోకి తీసుకెళ్ళి చొక్కా కూడా చూపించింది. కెమెరా మనిషి కొయ్యకున్న చొక్కాని చాలాసేపు తీసుకున్నాడు.

అంతా అయ్యాక మళ్ళీ నులకమంచం మీద కూర్చోబెట్టారు. సౌండు మనిషి మంచివాడే, మెత్తగానే చెప్పాడు. "అమ్మా, ఇంక మీరేం చెప్పక్కర్లేదు. ఈ ఇంటి శబ్దం కావాలి నాకు. ఒక నిమిషం ఎవరూ కదలకండి." నాయనమ్మ వైపు తిరిగి, "అవ్వా, ఆ రోలు కాస్త ఆపు" అన్నాడు. ఇంటి శబ్దం పట్టుకుపోతారంటే అమ్మకి ఆశ్చర్యంగా, కొంచెం ముచ్చటగా కూడా అనిపించిందట. తన ఊపిరి చప్పుడు పడి అది చెడిపోతుందేమోనని మెల్లగా, ఆగి ఆగి గాలి పీల్చుకుంది. కళ్ళు కిందికి వాల్చుకుంది. పని లేని చేతులు ఒళ్ళో ముడుచుకుంది. ఎక్కడో గొడ్డు మెడ పట్టెడ కదిలింది. మిరప ఘాటుకి గొంతు పట్టేస్తే దగ్గు రాకుండా బిగబట్టుకుంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాయనమ్మ ఉండబట్టలేక ఒక్క దెబ్బ వేసింది. టక్. సౌండు మనిషి చేయెత్తి నవ్వాడు. కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉండడం నేను చూశాను. దాని అర్థం నాకేం తెలుసు?

పొలాల్లో మళ్ళీ పత్తి విత్తే వేళకి ఒంగోలులో ఒక హాల్లో ఆ సినిమా వేశారు. మాకోసం జీపు పంపారు. ముందు వరసలో అమ్మ, నేను, నాయనమ్మ, బాబాయి. అదే నీలం చీర కట్టుకుంది అమ్మ. తెర మీద, చావు జరిగిన మిగతా ఇళ్ళవాళ్ళందరూ ఏడుస్తూ ఏదో ఒకటి చెప్పారు. చివర్లో మా చావిడి, గాలికి ఊగుతున్న మా నాన్న చొక్కా వచ్చాయి. చొక్కాని ముందువైపు నుంచి తీశారు. మరక వీపున ఉంది. తర్వాత పత్తికొండ ముందు మా అమ్మ. దర్శకుడి గొంతు నెమ్మదిగా అడిగింది: "ఆ రోజు పొద్దున పొలానికి వెళ్ళేముందు ఆయన మీతో ఏమైనా అన్నారా?"

తెర మీద అమ్మ కళ్ళు కిందికి వాల్చుకుంది. చేతులు ముడుచుకుంది. జవాబు లేదు. ఎంతసేపటికీ జవాబు లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎక్కడో టక్కుమని ఒక్క చప్పుడు. ఆపైన అదే గొంతు, పంట కోసం కొన్న మందే ఆ రైతు తాగాడని చెప్పి ఊరుకుంది. హాలంతా ముక్కులు ఎగబీల్చడం వినపడింది. సినిమా మొత్తంలో మా అమ్మ నోట ఒక్క మాట లేదు. దీపాలు వెలిగాక ఎవరెవరో వచ్చి ఆమె చేతులు పట్టుకున్నారు. "మీరేం చెప్పక్కర్లేదమ్మా, మాకర్థమైంది" అంది కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకావిడ. అమ్మ నోరు తెరిచేలోపు ఆవిడ వెళ్ళిపోయింది. నేను దర్శకుణ్ణి వెతికి పట్టుకున్నాను. "మా అమ్మ చెప్పిందంతా ఏది?" అన్నాను. "నీకు ఇప్పుడు తెలియదు పాపా. మాటలకంటే ఆ మౌనమే ఎక్కువ చెబుతుంది" అని నా తల నిమిరాడు. ఆ చెయ్యి నాకిప్పటికీ తగులుతూనే ఉంటుంది.

తిరుగు జీపులో ఒంగోలు దాటాం. అమ్మ, కోపంగా కూడా కాదు, వింతగా అంది: "ఆ మాట నన్ను అడగనే లేదు గదే. అడిగితే చెప్పేదాన్నిగా. దోసకాయ పచ్చడి నూరి పెట్టమన్నాడు. పోయినసారి పులుపెక్కువైంది, చింతపండు తగ్గించమన్నాడు."

ముందు సీట్లోంచి నాయనమ్మ తల తిప్పకుండా, "మరి అక్కడ చెప్పలేదేం?" అంది.

"అడగలేదత్తా."

"అడిగాడు గదే. నేను విన్నా."

"అది తర్వాత ఎప్పుడో కలిపారత్తా. మనం ఊరకే కూర్చున్నాం చూడు, ఇంటి శబ్దమన్నాడే, అప్పుడు తీసింది అది."

"నా రోటి చప్పుడు కూడా వినపడింది. నేనా గడప కాడే ఉన్నా. నువ్వు పలకలేదు." ఈసారి తల తిప్పింది. "రత్తమ్మా, వాడు తాగాడా?"

తన కొడుకు పిరికివాడు కాదని గుమ్మంలో కూర్చుని చెప్పిన మనిషే అలా అడిగింది. సినిమాలో మిగతాదంతా అబద్ధమని ఆమెని ఒప్పించగలిగేవాళ్ళమేమో. తన చేత్తో వేసిన దెబ్బ తన చెవులకి వినపడ్డాక, ఆ ప్రశ్నా ఆ మౌనమూ ఒకచోటివి కావని ఆమె ఎలా నమ్ముతుంది? బాబాయి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అతని మొహంలో ఉన్నది జాలి కాదు. నేను చెప్పలేదా అన్న ధీమా. అదీ మర్చిపోలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో రెండు పొయ్యిలయ్యాయి. నాయనమ్మ అరుగు మీద ఇటుకలు పెట్టుకుని తన గంజి తను కాచుకుంది. రోలు కూడా అరుగు మీదికే పోయింది. కొడుకు ఏమన్నాడో దాస్తున్న కోడలి చేతి కూడు తినలేనంది. ఎప్పుడన్నా దంచడం ఆపి, గోడకి చెబుతున్నట్టు, "ఇప్పటికైనా చెప్పవే" అనేది. పోయేముందు రోజు కూడా అడిగింది. అమ్మ ఎప్పటిలాగే దోసకాయ పచ్చడి సంగతే చెప్పింది. నాయనమ్మ మొహం అటు తిప్పుకుంది. చొక్కాని చెదలు తినేశాయి. మెల్లమెల్లగా అమ్మ చెప్పడమే మానేసింది. ఊళ్ళోవాళ్ళడిగినా, పేపరువాళ్ళడిగినా, చివరికి నేను అడిగినా, కళ్ళు కిందికి వాల్చి చేతులు ముడుచుకుని కూర్చునేది. చేతిలో పని ఉన్నా అలాగే. ఆ సినిమాలో ఎలా ఉందో బతుకంతా అలాగే అయింది.

అమ్మ పోయాక ఆమె గొంతు నా దగ్గర ఎక్కడా లేదని తెలిసింది. ఫోటోలున్నాయి, గొంతు లేదు. పంతం చంపుకుని దర్శకుడి నెంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఆ పత్తిగదిలో తీసిన టేపులు కావాలన్నాను. "అప్పట్లో టేపులు దొరకడమే గగనమమ్మా. వాటి మీదే వేరేవి తీసుకున్నాం" అన్నాడు. ఫోను పెట్టేముందు, "సినిమా పాఠాలు చెప్పే క్లాసుల్లో ఇప్పటికీ ఆ షాట్ చూపిస్తాను. మీ అమ్మగారిలా ఏ నటీ చేయలేదు" అన్నాడు. మా అమ్మ నటించలేదని, ఊపిరి బిగబట్టి మా ఇంటి శబ్దాన్ని అతనికి జాగ్రత్తగా అప్పజెప్పిందని చెప్పబోయాను. గొంతు పెగల్లేదు. అవతల అతను ఆ మౌనాన్ని కూడా తల వాల్చి విని ఉంటాడు.

ఇప్పుడు మా ముందుగదిలో పత్తి లేదు. ఇల్లు అమ్మేశాం. పురుగు మాత్రం కొత్త విత్తనాలక్కూడా అలవాటు పడిందంటున్నారు. కెమెరాలు అరచేతిలోకి వచ్చాయి. మొన్నటి పిల్లలు చాలా మర్యాదస్థులు. చెప్పులు బయట విడిచారు, కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, జరిపిన సోఫాని మళ్ళీ యథాస్థానంలో పెట్టి వెళ్ళారు. అప్పటివాళ్ళు అడక్కుండా తీసుకున్నారు, వీళ్ళు అడిగి తీసుకుంటున్నారు. నాకు కనిపించిన తేడా అంతే. అయినా ఈసారి ఆ నిమిషం ఇవ్వలేదు కదా అని రెండు రోజులు నిబ్బరంగానే ఉన్నాను.

నిన్న ఆ అమ్మాయి ఫోనుకి మెసేజ్ పెట్టింది. నమస్కారాలు, కృతజ్ఞతలు అయ్యాక ఇలా రాసింది: "మేడమ్, మీరు మైకు తీసి లేచి వెళ్ళిపోయింది కూడా కెమెరాలో వచ్చింది. చాలా పవర్‌ఫుల్‌గా ఉంది. సినిమాని దానితోనే ముగిస్తున్నాం."

ఆ లేవడానికి ముందు ఏ ప్రశ్న అతికిస్తారో రాయలేదు.